మబ్బు పట్టిన గ్లాసు

"నేనే చంపానమ్మా. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

గురువారం ఉదయం తొమ్మిదీ నలభై. పోలీసు స్టేషన్ వెనక గదిలో బల్లకు అవతల డెబ్బై ఏళ్ల బార్‌టెండరు, ఇవతల నేను. తాగేవాళ్లూ తాగనివాళ్లూ కూడా ఆయన్ని పంచ్ మాస్టారు అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు ఒకే కౌంటరు వెనక నిలబడి, రమ్ములో టీ కలిపి, పంచ్ అనే ఆ పానీయాన్ని జనానికి అలవాటు చేసిన మనిషి. ఆదివారం సాయంత్రం ఆ కౌంటరును కూతురికి అప్పగించి ఇంటికి వెళ్లాల్సినవాడు, అల్లుడికి విషం పెట్టాడన్న నేరం మీద ఇక్కడికి వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి కోర్టులో హాజరుపరుస్తారు.

నన్ను ఈ కేసులోకి లాగింది ఆయన కూతురే. నిన్న మధ్యాహ్నం నా ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా అడిగింది. "మా నాన్న నా మొగుణ్ని చంపాడా, లేదా? అదొక్కటి తేల్చి చెప్పండి మేడమ్. లేదంటే ఇంటికి తెచ్చుకుంటాను. చంపాడంటే నాకు ఇద్దరూ పోయారనుకుంటాను." కళ్లలో తడి లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఈ పదేళ్లలో నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు.

"ఏ గ్లాసులో కలిపారు మాస్టారూ?"

"అతని పంచ్ గ్లాసులో."

"ఎన్ని మాత్రలు?"

"గుప్పెడు."

"అలాగే వేశారా, పొడి చేశారా?"

ఆయన చూపు బల్ల మీద అటూ ఇటూ వెతికింది. "అలాగే వేశాను."

"అలాగే వేస్తే గ్లాసులో తెల్లగా కనబడవూ? మీ అల్లుడికి కళ్లు బాగానే ఉండేవి కదా."

"అయితే పొడి చేశానేమో. ముసలాణ్ణి, ఏం గుర్తుంటుంది?"

ఏ కస్టమరు ఏ పెగ్గు తాగేవాడో ముప్పై ఏళ్ల కిందటిది కూడా చెప్పగల మనిషికి నాలుగు రోజుల కిందట తను చేసిన హత్య గుర్తులేదట. నాకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని దారి మార్చాను.

"పోనీ, ఆదివారం పంచ్ ఎలా కలిపారో చెప్పండి."

ఆయన వెన్ను నిటారైంది. "శనివారం సాయంత్రం ఐదింటికి ఆకు చన్నీళ్లలో నానేశాను. నానేసి, పాత కస్టమర్లని పిలవడానికి బయటికెళ్లాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గుడ్డలో వడకట్టాను. మరిగించకూడదమ్మా. మరిగించిన చిక్కటి టీ మీద ఐసు పడిందా, మబ్బు పట్టేస్తుంది. చన్నీళ్లలో నానింది అద్దంలా ఉంటుంది, చేదుండదు. నిమ్మతొక్కలు చక్కెరతో నలిపి గంటసేపు వదిలితే నూనె దిగుతుంది. అందులో టీ, నిమ్మరసం, ఆ తర్వాతే రమ్ము. ఐసు ఒకటే పెద్ద దిమ్మ వెయ్యాలి, ముక్కలేస్తే గంటలో నీళ్లయిపోతుంది. పైన జాజికాయ గీరాలి. రమ్ము గోల చేసే పిల్లాడులాంటిదమ్మా. టీ దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది."

పంచ్ నిమిషాలతో సహా గుర్తుంది. హత్య మాత్రం గుర్తులేదు.

"మీ అల్లుడి ఒంట్లో దొరికింది డాక్టరు మీకు రాసిన గుండెదడ మందే. ఆ మాత్రలు మీరు వేసుకుంటారా?"

"నేనా? మాత్ర మింగడం కన్నా మేకు మింగడం నయం. ఒక్కటి కూడా..." ఆయన నాలుక కరుచుకున్నాడు. "అందుకే దాచాను. అతనికి వెయ్యడానికి."

"ఎక్కడ దాచారు?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ?"

ఆయన చేతులు బల్ల కిందకు పోయాయి. వణుకు నాకు కనిపించకూడదని కాబోలు.

బయటికొచ్చి, కాపలా ఉన్న మహిళా కానిస్టేబుల్‌ను అడిగాను. ఈయన నేరం ఎప్పుడు ఒప్పుకున్నాడు?

"బుధవారం పొద్దున తొమ్మిదీ పదికి ల్యాబ్ చీటీ వచ్చింది మేడమ్. సార్ మందు పేరు చదివారు. తొమ్మిదీ పదిహేనుకి ఒప్పేసుకున్నాడు."

"అంతకు ముందు ఏమనేవాడు?"

"అల్లుడు నా కొడుకులాంటోడు, నేనెందుకు చంపుతానని మూడు రోజులు ఏడ్చాడు. మందు పేరు వినగానే మొహం తెల్లబోయింది. కాసేపు గోడకేసి చూసి, నేనే అన్నాడు."

దెబ్బలకు భయపడి ఒప్పుకునేవాళ్లను చూశాను, బేరమాడి ఒప్పుకునేవాళ్లను చూశాను. మందు పేరు విని ఒప్పుకున్నవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆ ఐదు నిమిషాల్లో ఆయనకు ఏదో అర్థమైంది. అది నాకూ అర్థం కావాలి.

పదిన్నరకు బారు దగ్గరికి వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు సీలు తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. స్టేషన్లో అందరూ చాటుగా తొందరబాబు అంటారు. మూడేళ్లు నా కింద పనిచేశాడు. అప్పుడూ ఇంతే, కేసు తెరవకముందే మూసేసేవాడు. మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"మేడమ్, ముద్దాయి ఒప్పుకున్నాడు, మందు దొరికింది, కారణం దొరికింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

"కారణం ఏమిటయ్యా?"

"తాగుబోతు అల్లుడు. వారం కిందట ఇదే కౌంటరు దగ్గర పదిమంది ముందు ముసలాయన అరిచాడు. 'నీ చివరి పెగ్గు నా చేత్తోనే పోస్తాను' అన్నాడట. పోశాడు."

"నేను నిన్ను ఎన్నిసార్లు చంపుతానన్నాను? బతికే ఉన్నావుగా."

అతను నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

ఆ రోజు జరిగింది చాలావరకు అందరికీ తెలిసిందే. నాలుగింటికి మాస్టారి వీడ్కోలు పార్టీకి ముప్పైమంది వచ్చారు. నాలుగుంపావుకి అల్లుడు కౌంటరు మీదికి వంగి మామగారి చెవిలో ఏదో అన్నాడు. నాలుగూ ఇరవైకి అందరూ గ్లాసులెత్తారు, ఎవరో ఫోటో తీశారు. నాలుగూ నలభై అయిదుకి అతను రెండో గ్లాసు తీసుకున్నాడు. ఐదున్నరకు వాంతి. తూలాడు, మాట ముద్దగా వచ్చింది. ఎప్పటిలాగే పూటుగా పట్టించాడని నవ్వుకున్నారు. భార్యే చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి వెనక గదిలో సోఫా మీద పడుకోబెట్టి తలుపు వేసింది. ఏడూ ఐదుకి తలుపు తీస్తే ఒళ్లు చల్లబడి ఉంది. గంటన్నర అతని దగ్గరికి ఒక్కరూ వెళ్లలేదు.

"ఫోటో ఏదీ?" అన్నాను.

అతను ఫోను అందించాడు. బొమ్మను పెద్దది చేసి ఒక్కొక్క గ్లాసే చూశాను. గ్లాసుల్లో పంచ్ ఎర్రగా, తేటగా ఉంది. పట్టుకున్న వేళ్లు అవతలి నుంచి కనిపిస్తున్నాయి. రెండు గ్లాసులు మాత్రం అలా లేవు. బురదనీళ్లలా మసకగా ఉన్నాయి. ఒకటి మాస్టారి చేతిలో ఉంది. రెండోది అల్లుడి చేతిలో.

"ఇది చూశావా?"

"చూశాను. విషం పొడి కలిస్తే మసకేస్తుంది."

"అయితే మాస్టారు కూడా విషం తాగినట్టేనా?"

అతను ఫోను తీసుకుని మళ్లీ చూశాడు.

కౌంటరు వెనకకు వెళ్లాను. మాస్టారు నిలబడే చోట, చేతికందే ఎత్తులో ఒక రమ్ము సీసా ఉంది. అడుగున కొద్దిగా మిగిలింది. సీసా వెనక, కస్టమర్లకు కనిపించని వైపు, గాజు మీద సన్నగా గీసిన గీతలున్నాయి. లెక్కపెట్టాను. పద్నాలుగు. మూత తీసి వాసన చూస్తే రమ్ము లేదు. అల్లం, లవంగం, మిరియం, వాటి కింద మాడిపోయేదాకా మరిగించిన టీ.

బార్‌టెండర్లలో కొందరికి తెలిసిన చిట్కా ఇది. కస్టమరు గ్లాసెత్తి తనతో తాగమంటే కాదనకూడదు. అందరితో తాగితే ఏడాదిలో కాలేయం పోతుంది. అందుకని రమ్ము సీసాలో టీ డికాషన్ పోసుకుంటారు. ఒక గీత డికాషన్, మిగతా ఐసూ నీళ్లూ. ఒకప్పుడు తనూ తాగుబోతే అయిన మాస్టారు ఎన్నేళ్లుగానో సాయంత్రానికి ఒక్క గీత చొప్పున జనాన్ని మభ్యపెడుతున్నాడన్నమాట.

ఫ్రీజరు ఇంకా పనిచేస్తోంది. గ్లాసులో ఐసు వేసి, సీసాలోంచి నాలుగు చుక్కలు పోశాను. చూస్తుండగానే మబ్బు పట్టింది. పంచ్ గిన్నెలో మిగిలినదాన్ని ఇంకో గ్లాసులో ఐసు మీద పోశాను. తేటగా నిలిచింది. రెండు గ్లాసులూ ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను.

"అతను పంచ్ తాగలేదయ్యా. ఈ డికాషన్ తాగాడు. రక్తంలో మద్యం ఎంతుందని ల్యాబ్ వాళ్లని అడిగావా?"

"ముప్పైమంది చూస్తుండగా తాగాడు. పొద్దున సూర్యుడు వచ్చాడా అని కూడా ల్యాబ్‌ని అడగమంటారా?"

"అడుగు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. వీడు బారులో టీ తాగాడు."

అతని మొహం ఎర్రబడింది. "సరే, టీయే అనుకుందాం. ఆ సీసా ఎవరిది? ముసలాయనది. పోసిందెవరు? ముసలాయన. నా కేసు మీరు ఇంకా గట్టి చేశారు. థాంక్సండీ."

"ముందు ఫోన్ చెయ్యవయ్యా."

విసుక్కుంటూ ఫోను చెవికి పెట్టుకుని వీధిలోకి వెళ్లాడు. ఆ ఫోను చేయించింది నేనే. ఈ మాట ఇప్పుడే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత ఇన్‌స్పెక్టరు మీదికి నెట్టేయాలని నాకే అనిపిస్తుంది గనక.

కౌంటరు కింద రెండు వస్తువులున్నాయి. ఒకటి మసాలాలు నూరే రాతి కల్వం. రెండోది వాడేసిన టీ ఆకు వేసే బకెట్. ఆ ఆకును గుమ్మం దగ్గరి పూలకుండీలకు వేస్తారు. చెత్తబుట్టలు వెతికే ఓపిక తొందరబాబుకు ఎప్పుడూ లేదు. నేల మీద కూర్చుని, పాత పేపరు పరిచి, బకెట్‌లోది పొరలు పొరలుగా తీశాను.

పైపొరలో పెద్ద పెద్ద ఆకులు, చన్నీళ్లలో మెత్తగా విచ్చుకున్నవి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వడకట్టి పారేసినవి. దాని కింద నలిగి నల్లబడిన ఆకు, మరిగించి పిండింది. అల్లం పిప్పీ, లవంగాలూ అందులోనే ఉన్నాయి. అంటే డికాషన్ అంతకు ముందే కాచారు. ఆ నల్ల ఆకు మధ్యలో నా వేళ్లకు రేకు తగిలింది. మాత్రల షీటు. విప్పి చూస్తే పద్నాలుగు గుంటలూ ఖాళీ. వెనక పెన్నుతో శనివారం తేదీ వేసి ఉంది. నిన్న నా ఆఫీసులో కూతురు చిరునామా రాసిచ్చిన చేతిరాతే.

కల్వాన్ని వెలుతురులోకి తిప్పాను. అడుగున నల్లటి మిరియం పొడి, దాని అంచున తెల్లటి చార.

పద్నాలుగు గీతలు, పద్నాలుగు రోజులు, పద్నాలుగు మాత్రలు. ఒక గీత తాగితే ఒక రోజు మందు. మాత్ర పేరెత్తితే ఇంతెత్తున లేచే తండ్రికి కూతురు మందు వేసే పద్ధతి ఇది. అంత చేదు డికాషన్‌లో ఇంకాస్త చేదు ఎవరికి తెలుస్తుంది? అల్లుడు ఆ సీసా ముట్టుకుంటాడని శనివారం ఎవరికీ తెలియదు. తెలిసే వీలే లేదు.

ఈ కేసులో హంతకులు లేరు. ఆ మాట మనసులో అనుకోగానే నాకు ఏడుపొచ్చింది. హంతకుడుంటే ఎంత బాగుండేది! పట్టుకుని ఇచ్చేసి ఇంటికి పోయేదాన్ని.

వీధిలోంచి అడుగుల చప్పుడు వినబడింది. నేను షీటును మళ్లీ నల్ల ఆకులో పెట్టి, పైన పెద్ద ఆకులు కప్పేశాను. పాతికేళ్ల సర్వీసులో సాక్ష్యం మీద చెయ్యి వేయని మనిషిని. ఆ రోజు వేశాను.

"గంటలో చెప్తారట," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏమైనా దొరికిందా?"

"టీ ఆకు," అన్నాను.

పన్నెండున్నరకు మళ్లీ ఆ వెనక గదిలో కూర్చున్నాను. ఈసారి తలుపు వేసి, కుర్చీ మాస్టారి పక్కకు లాక్కున్నాను.

"డికాషన్ మీరు కాచుకుంటారా?"

"లేదు. చెయ్యి వణుకుతుంది, మరిగే గిన్నె పట్టుకోలేను. కౌంటరు వదిలినా రోజూ ఆ ఒక్క గీత వదలనుగా. రెండు వారాలకోసారి అమ్మాయే..." ఆయన ఆగిపోయాడు.

"బకెట్ చూశాను మాస్టారూ. కల్వం చూశాను."

ఆయన నా మొహం కేసి చూశాడు. నేను అబద్ధం ఆడుతున్నానేమోనని వెతికాడు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి చప్పుడు లేకుండా ఏడవడం చూడలేక నేను గోడ మీది క్యాలెండరు చదువుతూ కూర్చున్నాను.

"మూడు నెలలుగా గుండెదడ తగ్గిందమ్మా," అన్నాడు చివరికి. "మెట్లెక్కితే ఆయాసం లేదు. టీ మహిమ అనుకున్నాను. డాక్టర్లకేం తెలుసని అందరి దగ్గరా గొప్పలు పోయాను. నిన్న ఇన్‌స్పెక్టరు గారు ఆ మందు పేరు చదివారు. అప్పుడు తెలిసింది, ఏ మహిమో."

"అల్లుడు మిమ్మల్ని ఏమడిగాడు?"

"'మామయ్యా, మీ సీసాలోంచి పొయ్యండి' అన్నాడు. ఏళ్ల తరబడి కౌంటరుకి అవతల కూర్చున్నాడు కదా, వాడికి తెలుసు. 'మానేస్తున్నాను, మీ అమ్మాయికి చెప్పకండి' అన్నాడు. నాకు ఒళ్లంతా పొంగిపోయిందమ్మా. ఒక గీత పోసి నీళ్లు కలిపితే తాగేవాడి నాలుకకి ఆనదు. గొంతు పట్టుకోవాలి, మండాలి. లేకపోతే పది నిమిషాల్లో పంచ్ గిన్నె దగ్గరికెళ్తాడు. ఆ యాతన నేను పడ్డవాణ్ణే. అందుకని నీళ్లు కలపకుండా, ఐసు మీద ఆరు గీతలు పోశాను. రెండోసారి ఐదు. నేనొకటి తాగాను."

మిగిలింది రెండు గీతలు. లెక్క సరిపోయింది. పదకొండు రోజుల మందు అరగంటలో. అదీ ఏళ్ల తాగుడుతో ముందే గుల్లయిన గుండె మీద.

"చివరి పెగ్గు నా చేత్తో పోస్తానన్నది నిజమే," అన్నాడు. "మానెయ్యరా, మానేసే రోజు నేనే పోస్తాను అన్న అర్థంలో అన్నాను. పోశాను."

మా అన్నయ్య తాగేవాడు. మానేస్తానని పదిహేడుసార్లు ఒట్టేశాడు, నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదోసారి ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. అది ఒట్టు వేయడానికి చేసిన ఫోనో, ఇంకెందుకు చేసిన ఫోనో నాకు ఈ జన్మలో తెలియదు. మాస్టారికి ఈ సంగతి చెప్పలేదు.

"మీరు ఒప్పుకుంటే శిక్ష పడుతుంది," అన్నాను. "అసలు జరిగింది నేరం కాదు, ప్రమాదం. చెప్తే ఇద్దరూ బయటే ఉంటారు."

"ఎక్కడ బయట?" ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నేను చంపానని అది అనుకుంటే నన్ను తిట్టుకుంటుంది, అసహ్యించుకుంటుంది. ఆ కోపంతో అయినా బతుకుతుంది. తన చేత్తో పోయాడని తెలిస్తే ఏం చేస్తుంది? అదీ వాడు తాగలేదని తెలిస్తే? గంటన్నర తలుపేసి వదిలేసింది. నాకు డెబ్బై ఏళ్లు, దానికి ముప్పై రెండు. ఎవరు మోస్తే బాగుంటుందో మీరే చెప్పండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం కావాలని అడిగింది కూతురు. వద్దని కాళ్లావేళ్లా పడుతున్నది తండ్రి. ఆమె అడిగినదానికి ఒక్క మాటలో జవాబివ్వచ్చు. మీ నాన్న చంపలేదు. కానీ ఆ వెంటనే మరి ఎవరని అడుగుతుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పే నోరు నాకు లేదు. ఒంటిగంటకు ఆరు నిమిషాలు తక్కువ. డిటెక్టివ్‌గా పనికిరానిదాన్నని ఆ నిమిషంలో తేలిపోయింది, ఎందుకంటే ఆయన మాటకే తలూపాను.

"సరే మాస్టారూ," అన్నాను. "బకెట్ సంగతి నేను..."

తలుపు దభాలున తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం, మొహం మీద నవ్వు. ఓడిపోయినా పెద్దమనసుతో ఒప్పుకుంటున్నానని లోకానికి చాటే నవ్వు.

"మేడమ్, మీరే గెలిచారు! రక్తంలో మద్యం చుక్క లేదట. మీరన్నట్టే అతను పంచ్ ముట్టుకోలేదు. మామగారి సీసాలో టీ తాగాడు!"

నేను లేచి తలుపు వేయబోయాను. అతని వెనక, వరండాలో బెంచీ మీద, తండ్రికి వ్యతిరేకంగా వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి వచ్చిన కూతురు కూర్చుని ఉంది. పెన్ను చేతిలో ఉంది.

"ఏ టీ?" అంది.

"ఏం లేదమ్మా, నువ్వు బయట కూర్చో," అన్నాను.

"అదే, రమ్ము సీసాలో ఉంచుకున్న డికాషన్ అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఓపికగా, అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నట్టు. "మీవారు రెండు గ్లాసులు తాగింది అదే. మీ నాన్న అందులో..."

"నోరు ముయ్యవయ్యా!" అని అరిచాను. వాడు ఉలిక్కిపడి ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆమె లేచి లోపలికి వచ్చింది. నన్నూ, ఇన్‌స్పెక్టర్నీ చూడలేదు. మాత్రల గురించే ముందు అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఆయన తాగలేదా?"

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఐదున్నరకి నీళ్లు అడిగాడు," అంది, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు. "తాగినంత తాగి నీళ్లెందుకన్నాను. నా చెయ్యి వదల్లేదు. విదిలించుకున్నాను. నేను తాగలేదే అన్నాడు. ప్రతిసారీ అదే అంటాడుగా అనుకుని తలుపేశాను." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్టరు గారూ, మా నాన్నకేం తెలీదు. ఆ సీసాలో మాత్రలు నూరి కలిపింది నేను. శనివారం సాయంత్రం ఆరింటికి. పద్నాలుగు. రాసుకోండి."

"అబద్ధం!" మాస్టారు కుర్చీ తన్నేసి లేచాడు. "దానికి మతి పోయింది! ఏం రాయకండి! నేనే చంపాను, నేనే, నేను ఒప్పుకున్నాను కదా!" బల్ల మీద రెండు చేతులతో బాదాడు. కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుంది.

కూతురు బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆ వణుకుతున్న చేతులు పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత తండ్రిని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"నాన్నా, గ్లాసు తీసుకుంటూ ఆయన నీతో ఏమన్నాడు?"

మాస్టారు నా వైపు చూశాడు. చెప్పమనాలో వద్దనాలో నాకు తెలియలేదు. తల దించుకున్నాను.

"మానేస్తున్నాను, నీకు చెప్పొద్దన్నాడు. ముందే చెప్తే నువ్వు నమ్మవని."

"ఎప్పుడు చెప్దామనుకున్నాడు?"

"నెల అయ్యాక." కూతురు ఆ చేతులు వదలకుండా, మిగతాది కూడా వినాల్సిందేనన్నట్టు నిలబడింది. మాస్టారు కళ్లు మూసుకుని చెప్పాడు.

"'ఇవాళ ఒకటో రోజు మామయ్యా, ఇంకా ఇరవై తొమ్మిది' అన్నాడు."